టోపీ లోపటి పిట్టలు

...అది గాదు బిడ్డా, మొదాలుకెల్లి గాదు, నేను యాడికెల్లి చెప్తె ఆడికెల్లే రాయి, నా నోరు నీకెరుకే గదా, లకవా కొట్టి కుడిపక్క పడిపోయినకాంచి ఒక్క మాట బయటికి రావాల్నంటె నాలిక కిందికెల్లి ఏరుకోని తియ్యాలె, నువ్వు తొందర పెడ్తివా, ఆ ఒక్కటి గూడ లోపట్నే పడిపోతది. నీకు తెలుగు అక్షరాలు రాకుంటె ఏమాయె, మరాఠీ అక్షరాలల్ల తెలుగు మాట రాసుకో, పానిపట్టుల వినాయక్ గూడ మరాఠీ బడిల సదివినోడే, మంచిగ సదువుకుంటడు. లైట్ పోయింది గదా, మంచిదే అయింది. గోడ అవుతల మీ నాయిన సాంచలు, గా కరెంటు మగ్గాలు, బందున్నయి, నీలం నగర్ మొత్తం సాంచలు బందున్నయి, ఎంత సప్పుడు లేకున్నదో సూడు, రేకుల మీద పావురాలు నడుస్తె వాటి గోర్లు గీరుకునుడు ఇనొస్తున్నది, మీ నానమ్మ బీడీ ఆకు కత్తిరిస్తుంటె కత్తెర కిర్రుమనుడు ఇనొస్తున్నది. లైట్ ఉంటె నా గొంతు నాకే ఇనరాదు. లైట్ ఒచ్చేలోపల చెప్పుకోవాలె, తుషార్ ఒచ్చేలోపల ఈ టోపీ నెత్తి మూసెయ్యాలె. తుషార్ అంటె వినాయక్ బామ్మర్ది, సాయంత్రం బండికి పానిపట్టు పోతున్నడు, పోయేముందు వొచ్చి టోపీ తీస్కపోతనన్నడు. టోపీ పెంటప్ప బావకు. వినాయక్ నాయిన పెంటప్ప బావకు. గది మాత్రం పెద్దక్షరాలల్ల రాయి.

ఎర్ర దారం ఎడమ చేతిల, తెల్ల దారం కుడి చేతిల, రెండు సూదుల నడుమ వైరు, గుండ్రంగ తిరుగుకుంట పోతున్నది, ఇది తిరిగిందంటె నా మనసు గూడ తిరుగుతది, ఏం జేస్త. దవాఖానల రబ్బరు బంతి ఇచ్చి పిసుకుమన్నరు. పిసికిన. దినాలు దినాలు పిసికిన. బంతి పిసికితె ఏమొస్తది బిడ్డా, సాయంత్రానికి బంతే ఉంటది. పొద్దుందాంక చెయ్యి ఆడితె ఒక గజం బట్టన్న దిగాలె గదా, ఉత్తగ ఆడే చెయ్యి నాకెట్ల సమజైతది, అందుకే అది గూడ ఆడనన్నది, సచ్చిన బల్లి లెక్క ఒళ్ళె పడుండేది. అప్పుడు నువ్వు మొబైల్ల సూసి నేర్చుకున్న ఈ సూదులు తెచ్చి, 'తాతా, టోపీ అల్లుతవా' అన్నవు. నేను నవ్విన. మూతి వంకరది, నవ్వితె ఇంకింత వంకర పోతది, నువ్వు ఏడుస్తున్ననని భయపడ్డవు. నవ్వే బిడ్డా అది. మగ్గం మీద నాడె ఇసిరిన చేతికి పుల్లలా అని.

మొదాలు ఒక్క రంగు దారమే ఇచ్చినప్పుడు దొంగపని జేసిన, అంతా ఎడమ చెయ్యితోటే నడిపిచ్చిన, కుడిది ఉత్తగ సూది పట్టుకోని పెండ్లిల సుట్టం లెక్క కూసున్నది. మీ నానమ్మ సూడనట్టె సూస్తది గదా, చేట ఒళ్ళె పెట్టుకోని, బీడీకి దారం సుట్టుకుంట, నా దిక్కు మొకం గూడ తిప్పకుంట అన్నది, 'సాక్షీ, మీ తాతకు చెప్పు, ఒక చెయ్యి సంపాదిస్తున్నది, ఒక చెయ్యి కూసోని తింటున్నది.' నాతోటి సీదా మాట్లాడది సూడు, పెండ్లైనకాంచి నడిమిట్ల ఒక మనిషి ఉండాలె ఆమెకు, మనిషి లేకుంటె గోడకు చెప్తది. గా మాటకే నువ్వు రెండో రంగు తెచ్చినవు. రెండు రంగులైతె రెండు చేతులు పట్టాలె, ఎర్రది ఎడమ, తెల్లది కుడి, తప్పిచ్చుకునేతందుకు తొవ్వ లేదు. ఎన్ని దినాలు తెల్ల దారం జారి కింద పడ్డదో. ఒకదినం, ఇగో ఇట్లనే పగటీలి, తెల్ల దారం నూగు నా సూపుడువేలి మీదికెల్లి పోయింది, పోయిందని తెల్సింది. కండ్లతోటి సూసి గాదు. వేలికి తెల్సింది. 'సాక్షీ, గిలిగింత' అన్న. మీ నానమ్మ చేట పక్కకు పెట్టి లేచొచ్చి నా వేలు పట్టుకోని సూసింది, పొగాకు వాసన, ఆమె చేతుల పొగాకు వాసన, పోయి మళ్ళ కూసున్నది. గోడకు గూడ ఏమనలే గా పొద్దు.

గీ దారం యాడిది, పానిపట్టుదే, పోయినసారి తుషార్ తోటి వినాయక్ పంపిచ్చిండు. ఎర్రది జర ముతక, తెల్లది నున్నగుంటది. కండ్లు మూసుకోని చెప్పొచ్చు ఏది ఏదో. గీ మాట గుర్తు పెట్టుకో, మళ్ళ పనికొస్తది.

మొదటి టోపీ యాదికుందా? నవ్వకు. నవ్వితె రాత తప్పుతవు. మన సోలాపూర్ చద్దరుకు రెండు మొకాలు, ఇటు ఎర్ర నేల మీద తెల్ల పిట్ట, తిప్పితె తెల్ల నేల మీద ఎర్ర పిట్ట, ఎనుకపక్క అనేదే ఉండది దానికి. అసొంటి బట్ట నేసిన చెయ్యి నాది. ఈ అల్లికల ఏముంది, ముంగట ఎర్రది కనిపిచ్చినప్పుడు తెల్లది ఎనుకకెల్లి పోవాలె, తెల్లది కనిపిచ్చినప్పుడు ఎర్రది ఎనుకకెల్లి పోవాలె. తిప్పి సూసిన, ఎనుక దారాలు ఏలాడ్తున్నయి. నేతగాని ఇజ్జత్ పోయినట్టు అనిపిచ్చింది. బట్ట ఎనుక పోగు ఏలాడ్తె సేటు ముక్క ఇసిరి మొకాన కొడ్తడు. గందుకని గుంజిన, ప్రతి దారం గుంజి గుంజి బిర్రుగ అల్లిన, లోపల బయట ఏక్‌దమ్ సాఫు, మస్తు కుషీ అయిన, నెత్తికి పెట్టుకున్న. ఎక్కలే. నెత్తి మీద మూత లెక్క కూసున్నది, జరంత సేపుండి టక్కున ఎగిరి కింద దుంకింది. మీ నానమ్మ చేటల పొగాకు మొత్తం ఒలకబోసుకున్నది నవ్వి. 'సాక్షీ, మీ తాత టోపీ అల్లలేదే, ముంత అల్లిండు, నీళ్ళు పోసి పెడ్దామా?' నువ్వు మెల్లగ చెప్పినవు, 'తాతా, ఎనుక దారం జర ఒదులు ఇడువాలె, లేకుంటె సాగది, తల పట్టది.' ఒదులు. బట్టను బిర్రుగ కొట్టుడు తప్ప ఇంకోటి ఎరుగని నాకు ఒదులు ఇడుసుడు నేర్పిచ్చినవు బిడ్డా. నీ కడుపు సల్లగుండ.

మళ్ళ అల్లిందంత ఇప్పుమన్నవు. నేను టోపీ గుంజుకోని ఒళ్ళె దాసుకున్న. నేసింది ఎట్ల ఇప్పుతరు? సాంచ మీద తప్పు పడ్తె కత్తెర పెట్టాలె, పేక పోగులు ఒక్కొక్కటి కోసి తియ్యాలె, తీసిన పోగు చెత్తల్నే, దేనికీ రాదు. నువ్వు కొస పట్టి గుంజినవు, సర్రున ఒచ్చింది, వరుస ఎనుక వరుస, నవ్వుకుంట ఒచ్చినట్టు ఒచ్చింది, మొత్తం టోపీ మళ్ళ దారమైంది. ఒక్క పోగు తెగలే. కాకుంటె వంకర వంకరగున్నది దారం, టాకాలు, గా అల్లిక కుట్లు, యాడాడ ఉండెనో ఆడాడ మలిగి ఉన్నది. నేను గా వంకర దారం వేళ్ళకు సుట్టుకుంట తీసుకుంట అనుకున్న. గిట్ల గూడ ఉంటదా పనిల, తప్పు జేస్తె సొమ్ము పోకుండ, సేటు తిట్టకుండ, మళ్ళ మొదాలుకెల్లి చేసుకోవచ్చునా అని. నా చెయ్యి గూడ గట్లనే మళ్ళ మొదాలుకెల్లి... జర మంచినీళ్ళు ఇయ్యి.

ఆఁ. ఎవరిదో స్కూటరు. తుషారా? కాదు. సందులకెల్లి పోయింది. గాలి ఆడ్తలేదు, పుష్యమాసంల గూడ ఈ ఊర్ల పగలు పంకా లేకుంటె చెమటే, సిద్ధేశ్వరుని గడ్డ జాతర్ల ఉత్త అంగీ తోటి తిరుగుతం, ఊలు ముట్టుకుంటెనే చేతులు తడైతున్నయి. పానిపట్టుల పొగమంచట, ముంగటున్న మనిషి కనిపియ్యడంట. పెంటప్ప బావకు మంచున్నా లేకున్నా ఒకటే, షుగర్ ఆయన కండ్లు తీస్కపోయింది. ఈడున్నప్పుడే మసక ఉండె, అశోక్ చౌక్ దగ్గర మేం పనిజేసిన కారఖానాల మూలకు బల్ల ఏసుకోని డిజైను పట్టీలు కొట్టేటోడు. అట్ట పట్టీలకు బొక్కలు కొట్టుడు, గా బొక్కల లెక్క తోటే సాంచ మీద ఏ పోగు లేవాలె ఏ పోగు లేవొద్దు అనేది నడుస్తది, గా పట్టీలు లేకుంటె చద్దరు మీద పిట్ట లేదు పువ్వు లేదు. నేను నేసిన పిట్టలన్నీ ఆయన బొక్కలల్లకెల్లి ఎగిరినయే. పట్టీ మీద వేళ్ళు పారిచ్చి చెప్పేటోడు, గీడ బొక్క తప్పిందని. ఇంకెవరన్న కొట్టిన పట్టీల తప్పు దొర్కిందా, బస్, పండుగ, 'ఎవడ్రా ఈ పట్టీ కొట్టిన గుడ్డోడు!' అని ఒర్రేటోడు. అన్ని సాంచలు నడుస్తుంటె, పక్కపొంటి మనిషి మాట ఇనరాని జాగల, ఆయన ఒర్లుడు గేటు దాంక ఇనొస్తుండె. గంత కుషీగ తిట్టేటోని నేను ఇంకెక్కడ సూడలే.

ఆయన సొంతంగ ఒక పిట్టను చేసిండు, సేటు ఇచ్చింది గాదు, తనే గీసి తనే పట్టీలు కొట్టిండు. ముద్దుగ, బొద్దుగ, తోక మీదికి. సిలుక అన్నోళ్ళకు సిలుక, పావురం అన్నోళ్ళకు పావురం. నేను కోడి అన్న. నాతోటి ఆ పొద్దు చాయ్ తాగలే. 'సిద్రామూ, కోడి గాదు, పిట్ట' అని సాయంత్రం గేటు కాడ మళ్ళ కొట్లాటకొచ్చిండు. గా పిట్టే బిడ్డా ఈ టోపీ సుట్టూత. ఎర్ర నేల మీద తెల్ల పిట్టలు, ఒకదాని తోక ఎనుక ఒకటి. ఎవ్వల పుస్తకంలదీ గాదు, మొబైల్లదీ గాదు, ఎన్ని చద్దర్లు నేసిన్నో గా పిట్టతోటి, వేళ్ళకే యాదికున్నది, నేను యాద్ జెయ్యలే.

మాట యాడికో పోయింది. కాదు, ఆడికే పోతున్నది. లకవా కొట్టిన దినం కారఖానాలనే ఉన్న, సాంచ ముంగట నిలబడి ఉన్న, కుడి చెయ్యి ఎవలదో అనిపిచ్చింది, లేపితె లేవలే, కాలు గూడ పాయె, రెండు సాంచల నడుమ మెల్లగ జారి కూసున్న, నొప్పి లేదు, భయం గూడ మొదాలు లేదు, ఒర్రాల్నని నోరు తెరిస్తె నోట్లకెల్లి సొల్లు ఒచ్చింది, మాట రాలే. మాట ఒస్తె మాత్రం ఎవలింటరు, గంత సప్పుడుల. కిందికెల్లి సూస్తె నా సాంచ నడుస్తనే ఉన్నది, నాడెల దారం కండె అయిపోయింది, పేక లేదు, నాడె ఉత్తగ ఇటటు ఉరుకుతున్నది. అందరు ఎవల సాంచ వాళ్ళు సూసుకుంటున్నరు. మూలకు, బల్ల కాడ, పెంటప్ప బావ పట్టీ మీద వేళ్ళు ఆపిండట. పక్కాయన చెప్పిండు తర్వాత. తల ఒక పక్కకు ఒంచి ఇన్నడట, గన్ని సాంచల సప్పుడుల నా సాంచ సప్పుడు ఏరుకోని, 'సిద్రాముని సాంచ ఉత్తగ కొట్టుకుంటున్నది, వాడు ఉండంగ గట్ల కొట్టుకోది' అని లేచి, కండ్లు సరిగ్గ అగుపడక సాంచల చట్రాలు తడుముకుంట, చేతికి దెబ్బ తగిలిచ్చుకోని, నా దాంక ఒచ్చి, కాలితోటి నన్ను తొక్కి, అప్పుడు వంగి నా మొకం తడిమిండు. వంకర మూతి తడిమిండు. గా వేళ్ళు బిడ్డా. పట్టీల బొక్కలు తెలిసిన వేళ్ళు, నా మొకంల తప్పు గూడ తెలుసుకున్నయి. ఒర్రిండు. అన్ని సాంచలు బందయినయి.

ఆటోల నా తల ఆయన తొడ మీద. సందు సందుకు గుంత, ఆటో ఎగిరెగిరి పడ్తున్నది. తొవ్వ పొడుగూత ఆయన తిట్టుడే. 'ఏయ్ సిద్రామూ, కండ్లు మూస్తివా చెప్పుతోటి కొడ్త. నా కండ్లు పోతున్నయని నేనేడుస్తుంటె నువ్వు మంచి కండ్లు మూసుకుంటవా? సూడు, సూడు, ఇటు సూడు, పీనుగా.' నేను సూస్తనే ఉన్న. అన్నీ ఇనొస్తున్నయి, ఒక్కదానికి గూడ జవాబియ్య రాలే. జల్ది తెచ్చిండ్రు గందుకే బతికిండని దవాఖానల అన్నరట మీ నాయినతోటి. నాకు మళ్ళ మాట ఒచ్చేసరికి, ఇసొంటి సగం మాట ఒచ్చేసరికి, పెంటప్ప బావకు సూపు మొత్తం పోయింది, వినాయక్ వొచ్చి పానిపట్టు తీస్కపోయిండు. ఆడ మిల్లుల మిస్త్రీ పని వినాయక్‌ది, మంచి పిల్లగాడు, నాయినను మంచిగ సూసుకుంటడు, దాన్ల మాట లేదు.

ఎప్పుడు చెప్పాలె ఆయనకు? ఏమని చెప్పాలె? సాయబులు శుక్రియా అంటరు, మరాఠోళ్ళు స్టేజీ మీద మైకుల ధన్యవాద్ అంటరు, మన దాంట్ల బావకు బామ్మర్ది ఏమని చెప్తడు? పెద్దోళ్ళు నీ కడుపు సల్లగుండ అంటరు. సోలాపూర్ ఎండల పుట్టినోళ్ళం, మనకు సల్లగుండుడే దీవెన. మంచుల కూసున్న మనిషికి గా మాట ఎట్ల పంపాలె? నెత్తి ఎచ్చగుండ అని చెప్పాలె. నోరు రాకపాయె, చెయ్యితోటి చెప్తున్న, గీ టోపీ గంతే, ఇంకేం గాదు.

ఫోన్ చేసిన గదా, నువ్వే కలిపిచ్చినవు. వినాయక్ అన్నడు, 'మామా, నాయిన ఎవ్వల్తోటి మాట్లాడ్తలేడు. గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటడు. చేతులు గూడ రజాయి లోపట్నే పెట్టుకుంటడు, బయటికి తియ్యడు.' నాయిన చెవి కాడ ఫోన్ పెట్టిండు పాపం. నేను 'బా' అన్న. 'వా' అనేలోపల ఆడ ఫోన్ పక్కకు పెట్టేసిండు పెంటప్ప బావ. నేనని ఎరుకనే లేకుండె గావచ్చు. నా మాట ఒచ్చేదాంక ఆగాలె గదా ఎవరన్న. గందుకే నిన్ను రాయమన్న. రాసింది మెల్లగ నడవది, వినాయక్ నోట్లకెల్లి జల్ది పోతది. కాని చేతులు రజాయిల పెట్టుకునుడు, గది నాకు మస్తు కష్టమైంది బిడ్డా. ఒట్టి చెయ్యి ఎట్లుంటదో నాకెరుక. సూపు పోయింది సరే, గా చేతులకు ఏమైంది? గా చేతులు నన్ను ఎతుక్కున్నయి.

ఇగో, టోపీ నెత్తికి ఒచ్చిన. ఇగ పిట్టలు లేవు, ఎర్రయి తెల్లయి సుక్కలే, రెండు టాకాలు కలిపి ఒక్కటి, రెండు కలిపి ఒక్కటి, సుట్టు సిన్నగైతున్నది. కుడి వేలు మంచిగ ఆడ్తున్నది ఈయాళ, ఎంత మంచిగుందో సూడు. దేవుడు, నువ్వు, మీ నానమ్మ గోడకు చెప్పిన మాటలు, వినాయక్ పంపిన ఊలు, అందరు కలిసి ఆడిస్తున్నరు దీన్ని. ఇగ దారం అన్ని టాకాలల్లకెల్లి తీసి, గుంజి, మూతి కట్టినట్టు... ఆఁ. అయిపోయింది. అయిపోయింది బిడ్డా. ఓ చంద్రభాగా, చేట పక్కకు పెట్టి సూడు, అయిపోయింది.

'అయిందని మీ తాతకు చెప్పు, ఇంకోటి మొదలు పెట్టుమను' అన్నదా మీ నానమ్మ? గది రాయి, గది గూడ రాయి.

కిటికీ కాడికి తీస్కపో, ఎలుతురుల సూడు మంచిగుందా. ఏంది? ఏమన్నవు?

'అరే తాతా, థాంబ్, ఆగు... గీ పిట్టను జర సూడు, దీనికి...'

ఆగు. అనకు. ఏముందో నోటితోటి అనకు, రాయకు గూడ, ఉత్తగ నా చేతికియ్యి. ...అవును. అవును బిడ్డా. ఎట్ల తప్పిన? అన్ని పిట్టలు సక్కగొచ్చి, ఇదొక్కటి. ఎంత కిందున్నదో సూడు, దీని మీద ఎన్ని వరుసలో, ఇప్పాల్నంటె నెత్తి ఇప్పాలె, సుక్కలు ఇప్పాలె, తుషార్ ఒచ్చే యాళయింది. మీ నానమ్మ ఏమంటున్నది? పెద్ద సూది తీస్కోని మీదికెల్లి తెల్ల దారం తోటి కుట్టుమంటున్నదా? కుట్టొచ్చు. ముంగటికెల్లి ఎవ్వలకు తెల్వది. ఇయ్యి సూది.

...సూది ఎక్కిచ్చిన బిడ్డా, దారం గూడ ఎక్కిచ్చిన, చెయ్యి ఆగింది. లకవాతోటి గాదు. ముంగటికెల్లి తెల్వది సరే. ఆయనకు ముంగట ఎక్కడిది? ఆయన టోపీ చేతుల పట్టుకున్నడా, వేళ్ళు లోపటికే పోతయి, ఎనుక దారాలకే పోతయి. ముతక దారం ఎంత పొడుగు పోయిందో, నున్న దారం ఎంత పొడుగు పోయిందో, పట్టీ సదివినట్టె సదువుతడు, పిట్టకు పిట్ట సదువుతడు. నేను సిగ్గుపడి గుంజి దాసిపెట్టిన దారాలు, నువ్వు ఒదులుగ ఇడువుమన్న దారాలు, గవ్వే ఆయనకు కండ్లు. ఈ పిట్ట కాడికి ఒచ్చేసరికి వేళ్ళు ఆగుతయి. ఆగుతయి సూడు. తల ఒక పక్కకు ఒంచుతడు.

నేను కుట్టను. ఉండనియ్యి. మూటల పెట్టు.

అగొ, పంకా తిరిగింది. లైట్ ఒచ్చింది. మీ నాయిన మొదటి సాంచ ఎక్కిచ్చిండు, ఇగో రెండోది, ఇగ అన్నీ... దగ్గరికి రా, ఇంకింత దగ్గరికి, నీ చెవి నా నోటి కాడ పెట్టు. రాస్తున్నవా? వినాయక్‌కు రాయి. ఇది మొత్తం మీ నాయినకు సదివి ఇనిపియ్యి, జల్ది జల్ది గాదు, జర మెల్లగ, నేను చెప్పినట్టె. సదివినంక టోపీ లోపటి మొకం బయటికి తిప్పి ఆయన చేతులల్ల పెట్టు, రజాయిలకెల్లి చేతులు ఆయన్నే తీసుకోనియ్యి, నువ్వు గుంజకు. సిద్రాముని కోళ్ళల్ల ఒక కోడి తప్పున్నదట నాయినా, ఏదో నువ్వే సూడుమన్నడు అని చెప్పు. కోడి అనే చెప్పు. తర్వాత ఫోన్ చెయ్యుమను, నన్ను తిట్టుమను. సాంచలు నడుస్తుంటె చేసినా పర్వా లేదు, ఆయన గొంతు నాకు ఇనొస్తది.